కొల్లేటి పక్షులు – ఛాయాచిత్రములు



కొల్లేటి చరిత్రమును గూర్చి ప్రసంగింపుమని నన్నుఁ గోరినపుడు, రాజుల కథ చెప్పుదునా, పక్షుల కథ చెప్పుదునా యని కొంత తడవు సంశయించితిని. రాజులకు శాసనములు గలవు. చదివి చెప్పువారును గలరు. పక్షులకు శాసనము లెవ్వరు వేయించిరి? వాని చరిత్రము వ్రాయఁబూనినవానికి ఛాయాచిత్రమే శాసనము. కావున నేఁడు దానిని గూర్చియే ముచ్చటించెదను.

దండి మహాకవి దశకుమారచరితమున మంత్రగుప్తుఁడు పెదవి నొప్పిచేత తన కథ నంతయు నిరోష్ఠ్యముగాఁ జెప్పును. అందలి ఆంధ్రనగర సమీపమున నున్న మహాసరస్సు మన కొల్లేరే యని కొందఱు పండితుల మతము. బాల్యమున గురువుగారియొద్ద నా భాగము చదువుకొన్నపుడు హంస, సారస శబ్దములకు వ్యుత్పత్తులు వల్లించితిమే కాని, మా పెరటి చింతపై వ్రాలిన కొంగ యే జాతిదో యడిగినవారము కాము. ఈ లోపము నాది, గురువుగారిది కాదు.

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న యీ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి చేరును. ఉప్పుటేరు సముద్రమునకుఁ గొనిపోవును. ఇచటి పక్షులలో గూడబాతు పెద్దది. చేలకు నీరు తోడు గూడవలె దాని ముక్కు క్రింద సంచి వ్రేలాడుచుండును. ఆ పోలికచేతనే యీ పేరు వచ్చినదని నా యూహ. నిఘంటువు లొప్పుకొనకున్నను గూడ వేసిన రైతు ఒప్పుకొనును.

ఈ పక్షులు పశ్చిమగోదావరి మండలమున ఆరేడు గ్రామమునొద్ద వేలకొలఁది గూళ్లు కట్టుచున్న సంగతిని 1946లో కనుఁగొని లోకమునకుఁ దెలిపినవాఁడు కె. కె. నీలకంఠన్. ఆయన మలయాళి, ఆంగ్లభాషాబోధకుఁడు, 'ఇందుచూడన్' అను పేర కేరళ పక్షులపై గ్రంథము వ్రాసినవాఁడు. 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ఆయన వ్యాసము వెలువడెను. నాఁ డచట సుమారు మూఁడు వేల గూడబాతు లుండెను. పొరుగు దేశపు పంతులు వచ్చి మన యింటి సంపదను మనకుఁ జూపవలసివచ్చెను!

1975 ప్రాంతమున నా గూళ్లు లేకపోయెను. అప్పటికి నేను బాలుఁడను. మా తాతగారు అరుగుపైఁ గూర్చుండి, సాయంకాలపు టాకసమువంకఁ జూచి, "గూడబాతు లేవిరా, యీ యేఁడు రాలేదే" యని యడిగిరి. నేను బదులు చెప్పలేకపోతిని. అవి మా యింటిపైగాఁ బోవుచుండఁగాఁ దీసిన చిత్ర మొక్కటియు మాయొద్ద లేదు. ఇపుడు నా మనుమలకు నేను చెప్పిన మాటయే ప్రమాణము.

పక్షుల ఛాయాచిత్రములకు నూఱేండ్లకు మించిన చరిత్ర గలదు. ఇంగ్లండులో రిచ్చర్డు, చెర్రీ కియర్టను లను సోదరులు 1892లో గ్రుడ్లతోఁ గూడిన పక్షిగూటిని చిత్రించిరి. 1895లో అట్టి చిత్రములతోనే యొక గ్రంథము ప్రకటించిరి. పిమ్మట ఎద్దుచర్మముతో బోలుబొమ్మ చేయించి, దానిలోపల నిలిచి చిత్రములు తీసిరి. మన బోయవాఁడు దీమము చాటున వేఁటాడెడి విధమే యిది. వాఁడు ప్రాణము తీయును, వీరు రూపము మాత్రమే తీసికొనిరి.

రూపము తీయుటయు నొక్కొక్కపుడు ప్రాణము తీయుటయే యగును. పూర్వము నాయొద్దఁ జదివిన యొక యువకుఁడు క్రిందటి పుష్యమాసమున పెద్ద యంత్రము భుజమున వైచుకొని వచ్చి, నన్నుఁ గైకలూరి సమీపమున ఆటపాకకుఁ దోడ్కొనిపోయెను. 1999లో కొల్లేరు అభయారణ్య మయ్యెను. 2002లో రామ్‌సార్ పట్టికఁ జేరెను. 2006లో ఐదవ కాంటూరు లోపలి చేఁపల చెఱువుల గట్లు త్రెంపించిరి. ఆటపాకలో చెట్లు చాలమిచే నినుప మంచెలు నిలుపఁగా గూడబాతు లవియే చెట్లనుకొని గూళ్లు కట్టుచున్నవి. పడవ సమీపించినకొలఁది మావాఁడు "ఇంకను దగ్గఱకు" అనుచుండెను. పక్షు లొక్కపెట్టున లేచెను. ఈఁకలైన మొలవని పిల్లలు ఎండలో నోళ్లు తెఱచెను. కాకులు రెండు మంచెవైపు తిరిగెను. పడవవాఁడు తెడ్డు నిలిపి, "బాబూ, అవి తిరిగి కూర్చుండువఱకు నేను కదలను" అనెను. అతఁడు బడిలో నాయొద్దఁ జదివినవాఁడు కాఁడు. మేము వెనుకకుఁ దొలఁగి, తల్లులు వచ్చి వ్రాలువఱకుఁ గాచియుంటిమి. ఆ దూరమునుండి తీసిన చిత్రమే తక్కినవానికన్న బాగుండెను. పిల్ల తల్లి సంచిలోనికిఁ దల దూర్చి చేఁపఁ దినుచున్నది.

ఆ చిత్రమును అచ్చొత్తించి నాకుఁ బంపెను. వెనుకవైపు తేదియు, స్థలమును, నాఁడు లెక్కించిన గూళ్ల సంఖ్యయు వ్రాయుమంటిని. "తేది యంత్రములోనే నిలిచియుండును గదా పంతులుగారూ" యని నవ్వెను. "ఉండనిమ్ము నాయనా, నాకుఁ గనఁబడునట్లు సిరాతో వ్రాయుము" అంటిని. వ్రాసి యిచ్చెను.