జుట్టు నీది, కత్తెర నాది

ఉగాది ముందు మా ఇంటి కుర్రవాడు భుజాల దాకా పెంచిన జుట్టుకు కొసలు మాత్రం సరిచేయమని నెమిలిలో అడిగాడు. "క్రాపు అయితే కూర్చో" అన్నారు. గుడియాత్తంలోనూ అదే మాట. చివరకు మేమే వేలూరు తీసుకొనిపోయాము.

సెలూనులో వంతు కోసం కాచుకొని ఉండగా వేలూరు కోట కథ మనసుకు వచ్చింది. 1806లో మదరాసు సైన్యపు సిపాయీలకు కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ సైన్యంలో మన తెలుగువారూ ఉండేవారు. కవాతులో నామం, విభూతి, చెవిపోగులు కూడదు, గడ్డం గొరిగించుకోవాలి, మీసం అందరికీ ఒకే తీరున ఉండాలి. పైగా తోలు బిళ్ల గల కొత్త తలపాగా! మే నెలలో కాదన్నవారిలో ఒక హిందువుకూ, ఒక ముస్లిముకూ కొరడా దెబ్బలు విధించారు. జూలై 10న తెల్లవారకముందే సిపాయీలు తిరగబడ్డారు. ఆర్కాటు నుండి గిల్లెస్పీ గుర్రపుదళంతో వచ్చి ఆనాడే అణచివేశాడు. 100 మందికి పైగా తెల్లవారు, వందలాది సిపాయీలు మరణించారు.

కోటలో బందీలుగా ఉన్న టిప్పు కుమారుల సంగతి వంటి ఇతర కారణాలూ చెబుతారు. అయినా దొరలు ఆ నిబంధనలను రద్దు చేయక తప్పలేదు. గవర్నరు బెంటింకునూ, సేనాధిపతి క్రాడకునూ 1807లో వెనక్కు పిలిపించారు. మనిషి గడ్డం, మీసం అతనివేనని ఒప్పుకొనడానికి అంత నెత్తురు కావలసివచ్చింది.

ఇంతలో మా వంతు వచ్చింది. ముసలి క్షురకుడు దువ్వెన తీసి, "జుట్టు నీది, కత్తెర నాది; ఎంత తీయాలో చెప్పు నాయనా" అన్నాడు. కుర్రవాడు రెండు వేళ్లు చూపాడు.