మార్లవాయిలో పక్కపక్కనే

హైమన్‌డార్ఫ్ దొర గురించి మన సభల్లో ఎంతో చెప్పుకుంటాం. ఆయన వెంట నడిచిన బెట్టీ ఎలిజబెత్ గురించి చెప్పుకునేది తక్కువ. మార్లవాయి స్నేహం చేసింది ఆ ఆలుమగలిద్దరితోనూ.

వియన్నాలో పుట్టిన ఆయనకు, ఇంగ్లీషు వనిత బెట్టీకి 1938లో పెళ్లయింది. మరుసటి ఏడే రెండో ప్రపంచ యుద్ధం. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు బ్రిటిష్ వాళ్లు ఆయన్ను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఆ ఆంక్షే వారిని మన అడవులకు తెచ్చింది. ముందు నల్లమల చెంచుల దగ్గరకు, తర్వాత కొండరెడ్ల దగ్గరకు, ఆపైన ఆదిలాబాద్ గోండుల దగ్గరకు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. పోడు కొట్టినా, పశువులను మేపినా కేసులు పెడుతున్న రోజులవి. అలాంటప్పుడు ఒక తెల్లదొర ఊళ్లోకి వస్తే ఎవరు నమ్ముతారు? వారు మార్లవాయిలోనే గుడిసె వేసుకున్నారు. ఆయన ఒంటరిగా వచ్చి ఉంటే ఆ గుడిసె సర్కారు మనిషి బసగానే మిగిలేదని నా అభిప్రాయం. భార్యతో కాపురం పెట్టినవాణ్ని ఊరు వేరే కళ్లతో చూస్తుంది. ఊరి పెద్ద లచ్చు పటేల్ వారికి ఎంత దగ్గరయ్యాడంటే, తర్వాత వారికి కొడుకు పుడితే గోండు పేరు లచ్చు పటేల్ అనే పెట్టుకున్నారు.

1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు వచ్చాయి. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఆయన భూమి పట్టాలు ఇప్పించారు.

ఆ తర్వాత నేపాల్, లండన్. అయినా రాకపోకలు ఆగలేదు. 1970లలో తిరిగివచ్చి చూస్తే ఆ పట్టా భూములే వలస వచ్చినవారి చేతుల్లోకి జారిపోతున్నాయి. ఆ బాధంతా 1982 నాటి ఆయన పుస్తకంలో ఉంది. మనకు నచ్చే పుస్తకం కాదది, కానీ చదవాల్సిందే.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. మార్లవాయిలో గోండు ఆచారం ప్రకారం ఖననం చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. పదిహేడేళ్ల తర్వాత, 2012లో, కొడుకు ఆ అస్థికలను తెచ్చి తల్లి సమాధి పక్కనే ఉంచాడు.