ఉపదేశి ఇంట క్రిస్మస్ నెల

కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాల్లో సార్వా వరి కోసి, కుప్పలు వేసి, నూర్చే రోజులూ, పాశ్చాత్య క్రైస్తవ సంఘాల పంచాంగంలో ఆగమన కాలం అనిపించుకునే నాలుగు ఆదివారాలూ ఇంచుమించు ఒకే నెలలో పడటం కాకతాళీయమే అయినా, తెలుగు పల్లెల్లో క్రిస్మస్‌కు ముందరి వారాలు ఇప్పుడున్న రూపం దాల్చడానికి ఆ కాకతాళీయమే ప్రధాన కారణం. ఆగమన కాలమంటే క్రీస్తు రాకకై ఎదురుచూసే కాలం. దాని మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. ఆ నాలుగు వారాలూ బలిపీఠం మీద పరిచే వస్త్రం పశ్చాత్తాపానికి గుర్తుగా ఊదారంగులో ఉంటుంది. మధ్యయుగాల ఐరోపాలో ఇది ఉపవాసాల కాలం. పొలాలు మంచు కింద పడి ఉండే నెలలో ఏర్పడిన ఆ నియమం, కళ్లాల్లో కొత్త ధాన్యం రాశులు పోసే నెల ఉన్న సీమకు వచ్చేసరికి నిలవలేకపోయింది. ఊదారంగు గుడ్డ గుడిలో మిగిలింది గాని, పల్లెలో మాత్రం డిసెంబరు పిండివంటల నెల అయింది.

ఇక్కడ పల్లె అన్న మాటను గుంటూరు, కృష్ణా జిల్లాల వాడుకలో గ్రహించాలి: ప్రధాన గ్రామానికి ఎడంగా ఉండే మాల, మాదిగ వాడలను అక్కడ పల్లె అంటారు, తక్కిన గ్రామాన్ని ఊరు అంటారు. తెలుగు ప్రొటెస్టెంటు క్రైస్తవ చరిత్రలో అత్యధిక భాగం ఈ పల్లెల చరిత్రే. అయితే మిషనరీలు మొదట వచ్చింది పట్టణాలకు. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నానికీ, అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరికీ, చర్చి మిషనరీ సొసైటీ పక్షాన ఫాక్స్, నోబుల్ 1841లో మచిలీపట్నానికీ, లూథరన్ హేయర్ 1842 జులై 31న గుంటూరుకూ చేరారు. వీరికంటే చాలా ముందు, 18వ శతాబ్దంలోనే, కర్నాటిక్ మిషన్‌కు చెందిన జెస్విట్లు తెలుగు రైతు కుటుంబాల్లో కతోలిక సంఘాలను నెలకొల్పారు; ఆ ఊళ్ల క్రిస్మస్‌కు పశువుల పాక బొమ్మల కొలువు మొదలైన వేరే ఆచారాలు ఉన్నాయి గనుక ఆ కథ ఈ వ్యాసపు పరిధిలోకి రాదు.

ఈ మిషన్లన్నీ క్రిస్మస్‌ను ఒకే కంటితో చూడలేదన్న సంగతిని స్థానిక చరిత్రకారులు తరచు వదిలేస్తారు. లూథరన్లకూ ఆంగ్లికన్లకూ పండుగల పంచాంగం ఆరాధనలో విడదీయరాని భాగం. బాప్టిస్టులది ఇందుకు భిన్నమైన వారసత్వం. బైబిల్లో తేదీ చెప్పని పండుగను మనుషులు కల్పించిన ఆచారంగా ఎంచిన ప్యూరిటన్లు మసాచుసెట్స్ కాలనీలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ జరుపుకున్నవారికి జరిమానా విధించారు. ఆ ధోరణి నీడ అమెరికా బాప్టిస్టుల మీద చాలాకాలం ఉంది. ఆ లెక్కన ఒంగోలు బాప్టిస్టు పల్లెలో క్రిస్మస్ సాదాగానూ, గుంటూరు లూథరన్ పల్లెలో ఘనంగానూ ఉండాలి. ఈనాడు రెండు చోట్లా డిసెంబరు నెల ఒకే తీరుగా గడుస్తుంది. ఆ తేడాను చెరిపింది ఏ మహాసభ తీర్మానమూ కాదు, పంట.

దీనికి ఆర్థిక కారణం స్పష్టమే. 1866లో ఒంగోలు చేరిన జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరికి తోళ్ల వ్యాపారి అయిన ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ కుటుంబాలు రావడం మొదలైంది. 1876–78 నాటి మహా కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని వేలాది కూలీలకు పని కల్పించాడు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకుండా కరవు తీరేవరకు బాప్తిస్మాలు ఆపి, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మందికి ఇప్పించాడు. ఇలా సంఘంలో చేరినవారు దాదాపు అందరూ భూమి లేని కూలీలు, పాలేర్లు. వారి కష్టానికి ప్రతిఫలం ప్రధానంగా ధాన్యంగా ముట్టేది, అదీ కోతల్లోనూ నూర్పుల్లోనూ. ఏడాదిలో ఇంట్లో గింజలు నిలువ ఉండే కాలం, కొత్త బట్ట కొనే వీలున్న కాలం, పిల్లలకు బెల్లం కొనిపెట్టగల కాలం అదొక్కటే. ఊళ్లో రైతులకు ఆ సంబరం సంక్రాంతి రూపంలో వచ్చేది. పల్లెలో అదే ధాన్యం, అదే బెల్లం, అవే అరిసెలు మూడు వారాలు ముందుగా, వేరే పేరుతో వచ్చాయి. కాబట్టి తెలుగు క్రిస్మస్‌ను విదేశీ పండుగ అనేవారు దాని తేదీని చూశారే గాని వంటిల్లు చూడలేదనాలి.

ఈ నెలకు పల్లెలో కేంద్రం ఉపదేశి ఇల్లు. మిషనరీకీ సంఘానికీ మధ్య నిలిచి, ప్రార్థనలు నడిపి, బాప్తిస్మానికి సిద్ధపడేవారికి పాఠాలు చెప్పే స్థానిక సేవకుణ్ణి ఉపదేశి అంటారు. చాలా పల్లెల్లో బడిపంతులు కూడా అతడే, బడీ గుడీ ఒకటే కప్పు కింద ఉండేవి. 1854 నాటి వుడ్ తాఖీదు తరువాత ప్రైవేటు బడులకు ప్రభుత్వ గ్రాంటు దొరికే మార్గం ఏర్పడటంతో ఈ ఏర్పాటు మరింత స్థిరపడింది. ఉపదేశి ఒక్కడే వచ్చేవాడు కాదు. నెల్లూరు మిషన్ వారు 1870ల్లో రామాయపట్నంలో నెలకొల్పిన వేదాంత పాఠశాలలో గాని, ఆ తరువాత దోర్నకల్‌లో గాని శిక్షణ పొందే పురుషులతోపాటు వారి భార్యలకూ చదువు చెప్పేవారు. మిషన్ ఒక పల్లెకు పంపేది మనిషిని కాదు, దంపతులను. భర్త అయ్యగారు, భార్య అమ్మగారు. పల్లె మనిషి పేరు వెనక ఊరివారెవరూ గారు చేర్చని కాలంలో, పల్లెలోనే పుట్టిన ఒక జంటను పల్లె అంతా అయ్యగారూ అమ్మగారూ అని పిలుచుకోవడం చిన్న విషయమేమీ కాదు. గుడి గోడలకంటే ఆ పిలుపే ముందు లేచింది.

డిసెంబరు మొదటి వారంలో బడిగుడికి ఎర్రమట్టి మెత్తి, సున్నం కొట్టే పనితో నెల మొదలయ్యేది. ఆడవారు పేడతో అలికేవారు, మగవారు కప్పు నేయించేవారు. సాయంత్రాలు అయ్యగారు పిల్లలకు కంఠతా వాక్యాలూ, క్రీస్తు పుట్టుక నాటకమూ నేర్పేవాడు. గొర్రెల కాపరుల వేషానికి పల్లెలో కొత్తగా సమకూర్చుకోవలసిందేమీ ఉండేది కాదు, గొంగళీ కర్రా ప్రతి ఇంటా ఉండేవి. కష్టమంతా తూర్పు దేశపు జ్ఞానుల కిరీటాలకే. పెద్దలకు కీర్తనలు నేర్పేవారు. తెలుగు ప్రొటెస్టెంటు శాఖలన్నిటికీ ఉమ్మడి సొత్తయిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగమూ తాళమూ అచ్చు వేయడం ఆనవాయితీ; వాటిలో ప్రముఖమైనవి పురుషోత్తమ చౌదరి (1803–1890) రచనలు. చదువు రాని కూలీ జనం ఇంగ్లీషు బాణీలను పక్కన పెట్టి ఈ కీర్తనలను భజన పద్ధతిలో, కంజిర మీదా తాళాల మీదా పాడుకున్నారు. గుంపుగా ఇంటింటికీ వెళ్లి పాడే క్యారల్స్ కూడా ఈ భజన బృందాల నడకలోనే కుదురుకున్నాయి: ముందు పెట్రోమాక్సు దీపం, వెనక డప్పు, ఆగిన ప్రతి ఇంటి ముందూ ఒక పాట, ఒక ప్రార్థన, కాసిని టీ నీళ్లు, చందా డబ్బాలో కొన్ని చిల్లర నాణేలు.

వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అతికించి, లోపల దీపం పెట్టే నక్షత్రం అయ్యగారి వాకిట్లోనే తయారయ్యేది. క్రిస్మస్ చెట్టుకు తీర గ్రామాల్లో సరుగుడు కొమ్మ తెచ్చేవారు. వంటచెరకు కోసం 19వ శతాబ్దంలో కోరమండల్ తీరమంతటా నాటిన ఈ పరాయి చెట్టు, సన్నని ఆకుల వల్ల చూపుకు ఐరోపా దేవదారును కాస్త పోలి ఉండటంతో, మరో పరాయి ఆచారానికి చక్కగా అమరింది.

అమ్మగారి లెక్క వేరు. ప్రతి పూటా అన్నానికి ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసే అలవాటును ఆమె ఇంటింటా నేర్పేది. వారం చివర ఆ పిడికెడు బియ్యం గుడికి చేరేది. నగదు చేతికందని స్త్రీలు సంఘాన్ని పోషించగలిగిన మార్గం ఇదే. పండుగనాడు అందరూ బంతిగా కూర్చుని తినే ప్రేమవిందుకు కూడా ఇందులో కొంత భాగం పక్కన పెట్టేవారు. ఇక అరిసెలు అమ్మగారి ఆధ్వర్యంలో నలుగురైదుగురు ఆడవారు కలిస్తే గాని అయ్యేవి కావు: కొత్త బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే రోట్లో దంచి జల్లించాలి, బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టే అదను చూసి దించి పిండి కలిపితే చలిమిడి అవుతుంది, దాన్ని నువ్వులద్ది, అరచేతి వెడల్పున తట్టి, నూనెలో వేయించి, చెక్కల మధ్య నొక్కి నూనె వార్చాలి. పాకం అదను తప్పితే అరిసె రాయి అవుతుంది లేదా బాణలిలో విడిపోతుంది. ఆ అదను తెలిసినది సాధారణంగా పల్లెలో అందరికంటే పెద్ద ముత్తైదువ. కేకు చాలా ఆలస్యంగా, పట్టణాల బేకరీల నుంచి వచ్చిన అతిథి. ఇప్పటికీ దానికి అరిసె దక్కించుకున్న పీట దక్కలేదు.

పండుగ ముందు వారాల్లో మరో పని కూడా ఉండేది. క్రిస్మస్ ఆరాధనలో ప్రభు భోజన సంస్కారం, అంటే రొట్టె ద్రాక్షారసాలు పంచుకునే విధి, ఉంటుంది గనుక, మాటలు లేని అన్నదమ్ములను, అలిగిన వియ్యపురాళ్లను అంతకుముందే కలపవలసిన బాధ్యత ఉపదేశి దంపతుల మీద పడేది. తగవులు మగవారి దగ్గర తెగేవి కావు. అమ్మగారు దొడ్డిదారిన వెళ్లి ఆడవారితో మాట్లాడి తెంచేది.

ఈ స్థానికతకు సంఘం పైస్థాయిలో గుర్తింపు తెచ్చినవాడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి నుంచి వచ్చి 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన ఆయన, కోలాటాన్నీ పల్లె పాటనూ ఆరాధనకు పనికొచ్చేవిగా చూశాడు. గుడి కట్టడంలో హిందూ ముస్లిం శిల్పరీతులు కలిపిన దోర్నకల్ కేథడ్రల్‌ను 1939 జనవరి 6న, జ్ఞానులు శిశువును దర్శించిన పండుగనాడు ప్రతిష్ఠించారు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో, కరవు కాలపు కూలీ పనిగా లేచిన కేథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. నాటి నుంచి ఆ పరిసర గ్రామాలకు క్రిస్మస్ అంటే మెదక్ ప్రయాణం. పెద్ద గుడి ఉన్నచోట పండుగ జాతరగా మారింది, లేనిచోట ఇంటి పండుగగా మిగిలింది. చరిత్ర గ్రంథాల్లోకి మొదటిదే ఎక్కింది.

20వ శతాబ్దపు రెండో సగంలో ఉపదేశి పదవి పలచబడింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మిషన్ డబ్బు తగ్గింది. బడులు గ్రాంటు మీదికి, ఆపై ప్రభుత్వం కిందికి పోయాయి. కాని ఉపదేశుల పిల్లలు, శిష్యులు ఆ బడుల్లో చదివి టీచర్లూ, నర్సులూ, రైల్వే ఉద్యోగులూ అయ్యారు. పదవీ విరమణ తరువాత వీరిలో పింఛనుతో సొంత పల్లెకు తిరిగివచ్చిన దంపతులే పాత అయ్యగారి అమ్మగారి స్థానాన్ని, జీతం లేకుండా, నింపారు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఉద్యోగులకు కలిగిన కష్టం మాట ఎలా ఉన్నా, మరికొన్నాళ్లకు గాని రావలసిన ఓపికగల జంటలు కొన్ని పల్లెలకు ముందే దక్కాయి.

నేడు డిసెంబరులో అలాంటి ఇంటికి వెళ్తే పని విభజన మారలేదని తెలుస్తుంది. రిటైరైన మాస్టారు చందా పుస్తకం రాస్తారు, క్యారల్స్ ఏ రాత్రి ఏ వీధికో పాస్టరుగారితో, కుర్రవాళ్లతో కూర్చుని నిర్ణయిస్తారు. మిక్సీ ఉన్నా, పాకం అదను చెప్పడానికి టీచరమ్మగారే కావాలి. మారింది ఎదురుచూపు. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు, వచ్చేది 24 సాయంత్రమైతే వచ్చినట్టు. రానివారికి అరిసెలు పార్సెలుగా పోతాయి. కాలేజీల్లో, ఆఫీసుల్లో సెలవులకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ వల్ల పట్టణాల్లో పండుగ నెల మధ్యలోనే ఒకసారి అయిపోతుంది. పల్లెలో ముసలి దంపతులు మాత్రం పాత లెక్కనే, ఆదివారం తరువాత ఆదివారంగా, నెలను నడుపుతారు.

ఈ ఇళ్ల ట్రంకుపెట్టెల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు, పిడికెడు బియ్యం లెక్కలు, నాటకపు చేతిరాత ప్రతులు, చందా పుస్తకాలు ఇంకా దొరుకుతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా వెలుపల ఉంచడంతో ఎవరి పేరు ఏ కాగితం మీద ఉందన్నది బరువైన సంగతి అయి, కొన్ని కుటుంబాలు వాటిని బయటికి చూపడానికి జంకడం అర్థం చేసుకోదగ్గదే. అయినా పల్లె చరిత్రకు ఇవి తప్ప వేరే ఆధారం లేదు. పెద్దలు గతించినప్పుడు, డిసెంబరులో సున్నాలు వేసేటప్పుడు, చెదలు పట్టాయని ఈ పుస్తకాలను మంటల్లో వేయకుండా, దగ్గరలోని కళాశాల గ్రంథాలయానికో సంఘ కార్యాలయానికో అప్పగించవలసిందిగా, లేదా కనీసం ఫోనుతో పుట పుటకూ ఫోటో తీసి ఉంచవలసిందిగా ఆ ఇళ్లవారికి విజ్ఞప్తి.