చోళవరం రేసు బాట: అరువు నేలపై సాగిన మోటారు పందేల చరిత్ర

సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండిల మీదుగా చెన్నైకి సాగే పాత కలకత్తా రహదారిలో, రెడ్‌హిల్స్‌కు ముందు వచ్చే గ్రామం చోళవరం. నగరానికి తాగునీరందించే చెరువు వల్లనే ఈ పేరు నేడు ఎక్కువమందికి పరిచితం. అయితే 1950ల నుండి 1980ల చివరి వరకు దక్షిణ భారతంలో మోటారు పందేలకు ఇదే ప్రధాన కేంద్రం.

ఆరంభం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక విమానాల నిమిత్తం ఇక్కడ రన్‌వే నిర్మింపబడినది. యుద్ధానంతరం అది నిరుపయోగంగా మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దానిని పందేలకు వినియోగించుకొన్నది. ఇంగ్లండులోని ప్రఖ్యాత సిల్వర్‌స్టోన్ బాట కూడా యుద్ధకాలపు విమానాశ్రయమే కావడం గమనార్హం.

బాట, వాహనాలు

విమానాలకై వేసిన దారి నిటారుగా ఉంటుంది. కనుక ఇక్కడ వాహనాలు విపరీతమైన వేగాన్ని అందుకొనేవి. ఆ వేగాన్ని మలుపు వద్ద అదుపు చేయడంలోనే చోదకుని నేర్పు తేలేది.

ఆనాడు విదేశీ వాహనాల దిగుమతిపై కఠినమైన ఆంక్షలుండేవి. అందువల్ల ఫియట్, హెరాల్డ్ వంటి దేశవాళీ కార్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజన్లను మెరుగుపరచి పందేలకు దించేవారు. 1980ల తొలినాళ్లలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారును ఇక్కడ నడిపారు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో చౌకగా ఫార్ములా మారుతి కార్లను రూపొందించి, సామాన్య యువకులకు సైతం ఈ క్రీడను అందుబాటులోకి తెచ్చారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న హోసూరులో కర్మాగారం గల టి.వి.ఎస్. సంస్థ, 1982లో తన మోటారు సైకిళ్ల రేసింగ్ విభాగాన్ని ఆరంభించినది.

ముగింపు

రన్‌వే పందేల కోసం నిర్మించినది కాదు. వాహనాల వేగం పెరిగేకొద్దీ చోదకులకు, ప్రేక్షకులకు తగిన రక్షణతో కూడిన స్వంత బాట అవసరమైనది. క్లబ్ శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల బాటను నిర్మించగా, 1990లో అది ప్రారంభమైనది. దానితో చోళవరం ప్రాధాన్యం అంతరించినది.

ఫలితం

క్లబ్ స్థాపకులలో ఒకరైన ఇందు చంధోక్ మనుమడు కరుణ్ చంధోక్ 2010లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్నాడు. అంతకుముందే, 2005లో, కోయంబత్తూరు యువకుడు నరేన్ కార్తికేయన్ ఆ స్థాయికి చేరిన తొలి భారతీయుడయ్యాడు. పందెం తరలిపోతే అరువు నేలకు పేరు కూడా దక్కదు. చోళవరం పందేలను కన్నులారా చూసిన తరం నేడు వృద్ధాప్యంలో ఉన్నది. వారి ఇళ్లలోని పాత ఫొటోలను, జ్ఞాపకాలను ఇప్పుడే భద్రపరచుకొనకున్నచో, ఆ చరిత్రలో చాలాభాగం వారితోనే ముగిసిపోవును.