బిడ్డతో పాటే తల్లికీ

“ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డ తల్లికి, ఆందోళనకు చికిత్స బిడ్డతో పాటే జరగాలి.” పిల్లల మానసిక వైద్యం గురించి నేను గట్టిగా నమ్మే మాట ఇది. దీన్ని ముక్క ముక్కగా విప్పి చూద్దాం.

ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డ: దేనిమీదా మనసు నిలవదు, కుదురుగా కూర్చోలేడు, ఆగలేక మధ్యలో దూరుతాడు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవ్వాలి, ఆరు నెలలైనా ఉండాలి, ఇంట్లో, బళ్లో అన్నట్టు రెండు చోట్లయినా కనిపించాలి. ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలకు 70 నుంచి 80 శాతం దాకా జన్యువులే కారణమని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. అయినా ఇంట్లో “అంతా నీ గారాబమే” అంటారు. ఆ నింద అబద్ధం.

తల్లికి: తండ్రికి బెంగ ఉండదని కాదు. కానీ స్కూల్ డైరీ తెరిచేది, మిస్ ఫోన్ చేస్తే మాట్లాడేది, హోంవర్క్ దగ్గర కూర్చునేది చాలా ఇళ్లలో తల్లే. పైగా వంశంలో నడిచే సమస్య కాబట్టి, కొందరు తల్లులకూ ఇదే ఉండి ఎవరూ గుర్తించకుండానే పెద్దవాళ్లయి ఉంటారు. అలాంటి తల్లికి బిడ్డ కోసం టైమ్‌టేబుల్ రాసిచ్చి పంపితే, దాన్ని పాటించలేక ఇంకా కుంగిపోతుంది. ఆమెనూ ఒకసారి పరీక్షించాలి.

ఆందోళనకు: మధ్యాహ్నం ఫోన్ మోగుతుంది. స్కూల్ నంబరు. ఎత్తేలోపే గుండె దడ, అరచేతుల్లో చెమట. తీరా చూస్తే ఫీజు సంగతి. అయినా ఆ దడ సాయంత్రం దాకా తగ్గదు. రాత్రి బిడ్డ నిద్రపోయాక ఇంకో బెంగ మొదలవుతుంది: పదో తరగతి గట్టెక్కుతాడా, నేను పోయాక వీడికెవరు దిక్కు? బెంగ లేని తల్లి ఉండదు. కానీ నెలల తరబడి ఆపుదామన్నా ఆగక, నిద్రనూ పనినీ చెడగొట్టే ఆందోళన జబ్బే. జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టీ గత రెండు వారాల సంగతి అడుగుతుంది. 21కి 10 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టరు వివరంగా చూడాలి. బిడ్డ వంతు కోసం ఓపీ బయట కూర్చున్నప్పుడే ఆ కాగితం తల్లి చేతికివ్వొచ్చు.

చికిత్స: “టెన్షన్ పడకమ్మా” అనడం చికిత్స కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ)లో, ఫోన్ మోగిన ప్రతిసారీ ఏమవుతుందని భయపడిందో, నిజంగా ఏమైందో ఆమె పక్కపక్కన రాసుకుంటుంది. అయితే ఈ తల్లుల భయాలు అన్నీ ఊహలు కావు. ఫిర్యాదులు నిజంగానే వస్తాయి, టీసీ తీసుకెళ్లమనే బళ్లూ ఉన్నాయి. అక్కడ నాకు యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ (ఏసీటీ) ఎక్కువ నచ్చుతుంది. స్టీవెన్ హేస్, ఆయన సహచరులు రూపొందించిన ఈ పద్ధతి భయం పోయేదాకా ఆగమనదు, భయం ఉండగానే తనకు ముఖ్యమైన పని చేయమంటుంది. జనం ఏమంటారోనని పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన తల్లి, బిడ్డను వెంటబెట్టుకుని గంటసేపు వెళ్లి రావడం అలాంటి పని. ఆందోళన తీవ్రంగా ఉంటే మందులూ అవసరమవుతాయి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

బిడ్డతో పాటే: “ముందు వాడు బాగుపడనీండి, నా సంగతి తర్వాత” అంటారు తల్లులు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఏడీహెచ్‌డీ చాలామందిలో పెద్దయ్యాకా ఉంటుంది. ఆరేళ్లలోపు పిల్లలకు మందుకన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ఒకసారికి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం అందులో భాగం. నిద్రలేని, దడదడలాడే మనిషికి అవి ఎంత కష్టం! అలాగని బిడ్డ కోసమే తల్లి బాగుండాలనడం నాకు ఇష్టం లేదు. వాడికి ఒక్క మార్కు పెరగకపోయినా ఆమెకు నిద్ర పట్టాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లడం వెంటనే కుదరకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆమె థెరపీకి వెళ్లే గంట బిడ్డను ఎవరు చూసుకుంటారో, తండ్రో అమ్మమ్మో, అపాయింట్‌మెంట్ తీసుకునే రోజే ఇంట్లో తేల్చుకోవాలి.