క్వార్టర్‌బ్యాక్‌ది ఎవరి బుర్ర?

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనవాళ్ళలో చాలామందికి హెల్మెట్లు పెట్టుకుని కుమ్ముకునే ఆట. అందులో అబద్ధమేం లేదు గానీ, ఆ కుమ్ములాట మధ్యలో ఒకడు నిలబడి ఆలోచిస్తుంటాడు చూడండి, క్వార్టర్‌బ్యాక్... వాడి సంగతే నాకు సరదా. బంతి చేతికొచ్చాక వాడికి దొరికేది సుమారు మూడు సెకన్లు. ఎదురుగా పదకొండు మంది, అందులో నలుగురైదుగురు మీదకే వస్తుంటారు. ఈలోపే ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి విసరాలి. "అబ్బ, ఏం బుర్రరా!" అనుకుంటాం. బుర్రే, కాదనను. కానీ ఎవరిది?

1969లో సిన్సినాటి బెంగాల్స్ జట్టుకి గ్రెగ్ కుక్ అనే కుర్రాడొచ్చాడు. ఎంత దూరమైనా విసిరేవాడు. ఆ ఏడే భుజం దెబ్బతింది, కెరీర్ దాదాపు అక్కడితో సరి. 1970లో అతని చోటికొచ్చిన వర్జిల్ కార్టర్‌కి చేతిలో అంత బలం లేదు. (ఈయన మన బాపతే లెండి. ఆడుతూనే 1971లో ఒక ప్రొఫెసర్‌తో కలిసి ఫుట్‌బాల్ లెక్కల మీద 'ఆపరేషన్స్ రీసెర్చ్' పత్రికలో పేపర్ రాశాడు!) అసిస్టెంట్ కోచ్ బిల్ వాల్ష్ ఉన్న చేతికి తగ్గట్టే ఆట తయారుచేశాడు: చిన్న చిన్న పాసులు, మైదానం అడ్డంగా వాడుకోవడం, అంతా టైమింగు మీద. 1971లో లీగ్ మొత్తం మీద పాసులు పూర్తయిన శాతంలో కార్టర్‌దే మొదటి స్థానం.

ఇందులో నాకు బాగా నచ్చింది కాళ్ళ లెక్క. బంతి తీసుకుని వెనక్కి మూడడుగులా ఐదడుగులా అన్నది ముందే ఖాయం. చివరి అడుగు పడే వేళకి మొదటి రిసీవర్ తన మలుపు దగ్గరుంటాడు. వాడికి డిఫెండర్ అడ్డంగా ఉన్నాడా, రెండోవాడిని చూడు. అదీ కుదరలేదా, దగ్గర్లో ఉన్న మూడోవాడికి ఇచ్చెయ్. పదకొండు మందినీ చూడక్కర్లేదు, ఒకరిద్దరు ఎటు కదిలారో కనిపెడితే చాలు. మన భాషలో చెప్పాలంటే, రన్‌టైమ్ పనిని చాలావరకు కంపైల్ టైమ్‌లోనే చేసిపెట్టుకోవడం అన్నమాట.

తర్వాత వాల్ష్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళి, 1979 డ్రాఫ్టులో 82వ వాడిగా జో మోంటానాని తీసుకున్నాడు. 1989 జనవరి సూపర్ బౌల్‌లో 3 నిమిషాల 10 సెకన్లు మిగిలుండగా మోంటానా 92 గజాలు నడిపించి 20-16తో గెలిపించాడు. ఓడింది ఎవరనుకున్నారు... అదే బెంగాల్స్!

మోంటానా గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. నాకు ఒళ్ళు మండేది ఇదంతా 'పుట్టుకతో వచ్చే బుర్ర' అంటే. (మన ఇంటర్వ్యూల్లోనూ టక్కున జవాబు చెప్పినవాడికేగా మార్కులు!) ఆ నమ్మకంతోనే దశాబ్దాలపాటు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లని "డిఫెన్స్ చదవడం వీళ్ళవల్ల కాదు" అని వేరే స్థానాలకి నెట్టేశారు. వారెన్ మూన్ 1978 జనవరిలో రోజ్ బౌల్ గెలిపించినా, క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకుంటామని ఎన్ఎఫ్ఎల్ జట్లు ముందుకు రాలేదు. కెనడా పోయి ఎడ్మంటన్ జట్టుతో వరసగా ఐదు గ్రే కప్పులు గెలిచాడు. 1984లో హ్యూస్టన్ తీసుకుంది. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు, అక్కడ కూడా ఆధునిక కాలపు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లలో అతనే మొదటివాడు.