57వ నంబరు బూర

కీబోర్డులు చేసే కంపెనీలు 1991లో ఒక పట్టీకి ఒప్పుకున్నాయి. ఏ కంపెనీ పెట్టె అయినా ఒక నంబరుకు ఒకే వాయిద్యం పలకాలని. ఆ పట్టీలో ట్రంపెట్టు 57, ట్రాంబోను 58. మా నాయన బ్యాండుమేళంలో ఇరవై ఏళ్ళు ఊదిన ఊపిరి ఈ నంబర్లలో యాడుందో వెతకడమే నా పని.

మాది మైపాడు దారిలో మాదిగపల్లె. సన్నాయి మంగలోళ్ళది, డప్పు మాది. ఇత్తడి ఎవరిదీ కాదు. తెల్లోళ్ళ పటాలాల వెంట దేశంలోకొచ్చింది. మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ లాంటివి దాన్ని పెళ్ళి ఊరేగింపుల దాకా తెచ్చాయి. ఊరేగింపు ముందర నడుస్తూ వాయించేది ఊరి లెక్కలో సంగీతం కాదు, ఊడిగం. అందుకే మా పక్క అది మావోళ్ళకు దక్కింది.

ఎర్రకోటు, టోపీ, బూట్లు. చెప్పులు చేతబట్టుకుని రెడ్లవీధి దాటిన తాతకు పుట్టిన కొడుకు అదే వీధిలో బూట్లేసుకుని నడిచాడు. అన్నం మాత్రం పందిరి బయటే. ఉప్పుగాలికి చిలుము పట్టిన బూరను తెల్లారి అమ్మ చింతపండుతో తోమేది.

ఇంతకీ బూరలో మోగేది ఇత్తడి కాదు, ఊదేవాడి పెదాలు. గొట్టం ఆ అదురును స్వరం చేస్తుంది. మెల్లిగా ఊదితే గుండ్రంగా, మెత్తగా ఉంటాది. గట్టిగా ఊదితే శబ్దం పెరగడమే కాదు, దాని రంగే మారిపోతుంది. 1960లలో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో జాన్ క్లాడ్ రిస్సే అనే ఫ్రెంచాయన ట్రంపెట్టు స్వరాన్ని కంప్యూటర్లో విడదీసి చూశాడు. బలం పెరిగేకొద్దీ పై అనుస్వరాల వాటా పెరుగుతుందని తేల్చాడు. మా నాయనకు అది పెదవికి తెలుసు. చౌకరకం పెట్టెలో 57 నొక్కి సౌండు పెంచితే మెల్లిగా ఊదిన బూరే దగ్గరికొచ్చినట్టుంటాది. ఖరీదైన వాటిలో మెత్తనిదీ గట్టిదీ వేరేగా రికార్డు చేసి పెడతారు, నిజమే. స్వరాన్ని జార్చే చక్రం కూడా ఉంటాది. అయినా ఆ జారుడులో ఊపిరి తగ్గేది, పెదవి బిగిసేది ఉండదు.

1990ల చివర్లో మా పక్క పెళ్ళిళ్ళలోకి కాసియో దిగింది. ఏ కంపెనీదైనా మావోళ్ళకు అది కాసియోనే. పదిమంది పని ఒక పెట్టె చేసింది. వాయించేవాడికి స్టేజీ మీద కుర్చీ, పందిట్లో భోజనం. దీన్ని టెక్నాలజీ అన్నారు. నేను ఒప్పుకోను. ఊరికి బూర కావాలి, బూర మీద పెట్టిన మా నోరు వొద్దు. ఎంగిలి లేని బూర దొరికింది! ఆ కుర్చీలో కూర్చున్నోళ్ళలో మా పిలకాయలూ ఉండారు. దానికి నాకు సంతోషమే.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా డప్పుకు తలెత్తే దారి చూపింది. బూరను ఎవరూ ఎత్తుకోలేదు. తెల్లోడిదని కొందరు, కిరాయిదని కొందరు. మూడు తరాల కూడు పెట్టిన వాయిద్యానికి మన సభల్లో ఒక మాట కూడా లేదు.

నాయనకు ముందు పళ్ళు పోయినాయి. పళ్ళు పోతే బూర పలకదు. పల్లెలో ఊదగలిగినోళ్ళు ఇంకా ముగ్గురుండారు. పోయిన సంక్రాంతి సెలవుల్లో వాళ్ళ చేత ఒకే స్వరాన్ని మెల్లిగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఊదించి ఫోన్లో పట్టినాను. బళ్ళో వినిపిస్తే పిలకాయలు అవి రెండు వేరే వాయిద్యాలన్నారు.